కనిపించని డిస్క్ పోయిన డిస్క్ కాదు

గత వర్షాకాలంలో ఒక సాయంత్రం మగ్రిబ్ నమాజు ముగించుకొని ఇంటికి చేరేసరికి, పక్క వీధిలో నివసించే ఒక మిత్రుడు తన కుమార్తెతో సహా మా వాకిట్లో నిలబడి ఉన్నారు. అమ్మాయి ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. చేతిలో లాప్‌టాప్ ఉంది, కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. మద్రసాలోని కంప్యూటర్ గది బాధ్యత కొన్నేళ్ళుగా నాపై ఉండటం వల్ల, మా చుట్టుపక్కల ఎవరి కంప్యూటర్ మొరాయించినా ముందుగా నా దగ్గరకు రావడం అలవాటైపోయింది.

"చాచా, డీ డ్రైవ్ కనిపించడం లేదు. నిన్న రాత్రి వరకు ఉంది. ఈ రోజు కాలేజీ నుంచి వచ్చి తెరిస్తే లేదు" అంది అమ్మాయి.

తండ్రి గొంతు తగ్గించి, "మౌలానా సాబ్, ప్రాజెక్టు అయితే మళ్ళీ రాసుకుంటుంది. అందులో మా అబ్బాజాన్ గొంతు ఉంది" అన్నారు.

విషయం నాకు అర్థమైంది. ఆ పెద్దాయన పోయి అప్పటికి ఏడాది దాటలేదు. చివరి నెలల్లో మంచం మీద కూర్చొని ఆయన తమ పూర్వీకులు ఏ ఊరి నుంచి వచ్చారో, తాను చిన్ననాడు ఎంత కష్టపడి చదువుకున్నారో చెబుతూ ఉంటే, మనుమరాలు ఫోన్‌లో రికార్డు చేసింది. ఫోన్ నిండిపోవడంతో ఆ రికార్డులన్నిటినీ లాప్‌టాప్‌లోకి మార్చి, ఫోన్‌లో తుడిచివేసింది. ఇంట్లో అందరూ అవి భద్రంగా ఉన్నాయనే అనుకున్నారు.

లాప్‌టాప్ తెరిచి చూశాను. తెర మీద ఒక చిన్న పెట్టె కనిపిస్తోంది. డిస్క్‌ను వాడాలంటే ముందు దాన్ని ఇనిషియలైజ్ చేయాలని అందులో రాసి ఉంది. కింద ఓకే బటన్ ఉంది. "మా అన్నయ్య ఫోన్‌లో ఓకే నొక్కమన్నాడు. నొక్కేలోపు అబ్బా ఆపి, ముందు మీకు చూపిద్దామన్నారు" అంది. ఆ తండ్రి చేసిన పనుల్లో అన్నిటికంటే మేలైనది అదే.

ఇటువంటి పరిస్థితి నేడు చాలా ఇళ్ళలో ఎదురవుతోంది. పిల్లల చదువు, నికాహ్ ఫోటోలు, ఇంటి పత్రాల నకళ్ళు, దూరదేశంలో ఉన్నవారు పంపిన వీడియోలు అన్నీ ఒకే పెట్టెలో ఉంటున్నాయి. ఒకరోజు ఆ పెట్టె కనిపించకుండా పోతుంది. నిజానికి చాలా సందర్భాలలో డిస్క్ పోదు, కనిపించదు, అంతే. కనిపించని దాన్ని పోయిందనుకొని మనం చేసే పనులే దాన్ని నిజంగా పోగొడతాయి. అందుకే ఏ క్రమంలో వెదకాలో, ఎక్కడ చేయి ఆపాలో కుటుంబంలో ఒక్కరికైనా తెలిసి ఉండటం అవసరం.

డిస్క్ వేరు, దాని పేరు వేరు

మనకు తెర మీద కనిపించే సీ, డీ అనే అక్షరాలు డిస్క్‌లు కావు. అవి ఇంటి తలుపు మీద వేలాడదీసిన పేరు పలకల వంటివి. పలక ఊడిపోయినంత మాత్రాన ఇల్లు కూలినట్టు కాదు. డిస్క్ ఆరోగ్యంగా ఉండి అక్షరం మాత్రమే పోవచ్చు. అక్షరాలు, గుర్తులు ఉండి లోపల డిస్క్ బలహీనపడుతూ ఉండవచ్చు. రెండూ జరుగుతాయి.

లాప్‌టాప్‌లలో ప్రధానంగా రెండు రకాల డిస్క్‌లు ఉంటాయి. మొదటిది తిరిగే హార్డ్ డిస్క్. రెండున్నర అంగుళాల డిస్క్‌గా పిలిచే ఈ పెట్టెలో నున్నని పళ్ళేలు సాధారణంగా నిమిషానికి 5,400 సార్లు, అంటే సెకనుకు 90 సార్లు తిరుగుతుంటాయి. వాటిపై చదివే ముల్లు పళ్ళేన్ని తాకకుండా, వెంట్రుక మందంలో వేల వంతు ఎత్తున తేలుతూ ఉంటుంది. రెండవది ఎస్‌ఎస్‌డీ. ఇందులో తిరిగే భాగం ఏదీ ఉండదు. సమాచారమంతా చిప్‌లలో నిలుస్తుంది. ఈ ఎస్‌ఎస్‌డీ కొన్ని లాప్‌టాప్‌లలో పాత హార్డ్ డిస్క్ ఆకారంలోనే ఉంటుంది. ఇటీవలి వాటిలో 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు గల సన్నని పలకలా, ఎం.2 అనే గాడిలో ఒక స్క్రూతో బిగించి ఉంటుంది.

1956లో ఐబీఎం సంస్థ వెలువరించిన మొట్టమొదటి హార్డ్ డిస్క్ యంత్రంలో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. వాటన్నిటిలో కలిపి పట్టింది 50 లక్షల అక్షరాలు మాత్రమే. నేడు మన ఫోన్‌తో తీసే ఒకటి రెండు ఫోటోలకే ఆ చోటు చాలదు. అరచేతిలో ఇమిడే పెట్టెలో ఇప్పుడు ఒక కుటుంబం రెండు తరాల జ్ఞాపకాలు పడుతున్నాయి. సౌకర్యం ఎంత పెరిగిందో, ఒక్కసారిగా కోల్పోయే ప్రమాదం కూడా అంతే పెరిగింది.

అమ్మాయి లాప్‌టాప్‌లో రెండు రకాలూ ఉన్నాయి. విండోస్ చిన్న ఎస్‌ఎస్‌డీలో సీ డ్రైవ్‌గా ఉంది. ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్ డీ డ్రైవ్‌గా ఉండేది. కనుకనే లాప్‌టాప్ మామూలుగా తెరుచుకుంటోంది, డీ మాత్రం లేదు. ఒకే డిస్క్ ఉన్న లాప్‌టాప్‌లో ఇదే జరిగితే యంత్రం అసలు తెరుచుకోదు. బూట్ డివైస్ దొరకలేదన్న వాక్యం నల్లని తెర మీద కనిపిస్తుంది.

ముందు చేయకూడని పనులు

వెదకడం ఆరంభించే ముందు మూడు విషయాలు గుర్తుంచుకోవాలి.

ఒకటి, పాత సమాచారం ఉన్న డిస్క్ విషయంలో ఇనిషియలైజ్ అని అడిగినా, ఫార్మాట్ అని అడిగినా క్యాన్సిల్ నొక్కాలి. ఇనిషియలైజ్ చేస్తే డిస్క్ మొదట్లో ఉండే విభాగాల పట్టిక కొత్తగా రాయబడుతుంది. పుస్తకంలోని పుటలు అలాగే ఉండి విషయసూచిక చింపివేసినట్లవుతుంది. ఆ తరువాత ఫార్మాట్ చేసి కొత్త ఫైళ్ళు వేస్తే పుటలు కూడా పోవడం మొదలవుతుంది. కొత్తగా కొని అమర్చిన ఖాళీ డిస్క్‌కు ఇదే బటన్ సరైనది. బటన్‌లో దోషం లేదు. ఏ డిస్క్‌కు నొక్కుతున్నామన్నదే ముఖ్యం.

రెండు, డిస్క్ నుంచి టక్కు టక్కుమని లయగా శబ్దం వస్తున్నా, గీసుకుపోతున్న చప్పుడు వినిపించినా వెంటనే యంత్రాన్ని ఆపివేయాలి. మళ్ళీ మళ్ళీ ఆన్ చేసి చూడటం వల్ల ముల్లు పళ్ళేన్ని గీకి, తిరిగి రాబట్టగలిగినది కూడా నాశనమవుతుంది. డిస్క్‌ను ఫ్రిజ్‌లో పెట్టడం, పైమూత విప్పి చూడటం వంటి సలహాలను వినకూడదు. కంటికి కనిపించని ధూళి రేణువు కూడా ఆ ముల్లుకు బండరాయి వంటిదే.

మూడు, లోపాలను సరిచేసే చెక్ డిస్క్ వంటి సాధనాలను మొదట ప్రయోగించకూడదు. బలహీనపడిన డిస్క్‌పై అది గంటల తరబడి శ్రమ మోపుతుంది. ఫైళ్ళ అమరికను మార్చివేయవచ్చు. ముందు నకలు, తరువాతే మరమ్మతు.

మొదటి మెట్టు: విండోస్ లోపల

మొట్టమొదట లాప్‌టాప్‌కు తగిలించి ఉన్న పెన్ డ్రైవ్‌లు, మెమరీ కార్డులు, ఇతర వస్తువులన్నీ తీసివేయాలి. యంత్రం వాటి నుంచి తెరుచుకోవడానికి ప్రయత్నించి, బూట్ డివైస్ లేదని చెప్పడం తరచుగా జరిగేదే. తరువాత రీస్టార్ట్ చేయాలి. షట్ డౌన్ చేసి మళ్ళీ ఆన్ చేయడం దీనికి సమానం కాదు. ఫాస్ట్ స్టార్టప్ అనే సౌకర్యం అమలులో ఉన్న లాప్‌టాప్‌లలో షట్ డౌన్ నొక్కినప్పుడు విండోస్ పూర్తిగా ముగియదు. కొంత స్థితిని దాచుకొని మళ్ళీ అక్కడి నుంచే లేస్తుంది. రీస్టార్ట్ మాత్రమే అన్నిటినీ మొదటి నుంచి పలకరిస్తుంది.

అప్పటికీ డిస్క్ రాకపోతే స్టార్ట్ బటన్‌పై కుడి క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవాలి. ఇక్కడ డిస్క్‌లు వరుసగా సున్నా నుంచి సంఖ్యలతో కనిపిస్తాయి. కనిపించే తీరును బట్టి చేయవలసింది మారుతుంది.

డిస్క్ ఉండి, దాని భాగం హెల్దీ అని చూపిస్తూ అక్షరం మాత్రం లేకపోతే, పేరు పలక ఊడిందన్నమాట. ఆ భాగంపై కుడి క్లిక్ చేసి, డ్రైవ్ లెటర్ మార్చే వరుసలోకి వెళ్ళి ఒక అక్షరం ఇస్తే చాలు. అయితే కొన్ని వందల మెగాబైట్ల చిన్న భాగాలు అక్షరం లేకుండానే ఉంటాయి. అవి విండోస్ తన కోసం ఉంచుకున్నవి, వాటిని ముట్టుకోరాదు.

ఆఫ్‌లైన్ అని ఉంటే, డిస్క్ సంఖ్య ఉన్న చోట కుడి క్లిక్ చేసి ఆన్‌లైన్ ఎంచుకోవాలి.

రా అని ఉన్నా, పూర్తిగా అన్‌అలొకేటెడ్ అని నల్లని పట్టీతో ఉన్నా, డిస్క్ యంత్రానికి అందుతోంది గానీ దాని అమరిక చదవడం సాధ్యం కావడం లేదని అర్థం. ఇక్కడ చేయి ఆపాలి. పోయిన విభాగాల పట్టికను వెదికి పెట్టే టెస్ట్‌డిస్క్ వంటి ఉచిత సాధనాలు ఉన్నాయి. కానీ వాటిని తెలిసినవారి చేత, వీలైతే డిస్క్ నకలు మీద వాడించడం క్షేమం.

నాట్ ఇనిషియలైజ్డ్ అని ఉంటే పట్టికను కూడా చదవలేకపోయిందని భావం. పట్టిక చెడి ఉండవచ్చు, డిస్క్ చెడి ఉండవచ్చు, లేదా డిస్క్‌కు, యంత్రానికి మధ్య ఉన్న తీగ సరిగా తగలక చదవలేకపోయి ఉండవచ్చు. అమ్మాయి లాప్‌టాప్‌లో కనిపించింది ఇదే.

అసలు వరుసలోనే డిస్క్ లేకపోతే, పై వరుసలోని యాక్షన్ నుంచి రీస్కాన్ డిస్క్స్ ఒకసారి ప్రయత్నించి, తరువాతి మెట్టుకు వెళ్ళాలి.

రెండవ మెట్టు: బయాస్

విండోస్ కంటే ముందు లేచేది బయాస్. యంత్రానికి ఏయే భాగాలు అమర్చి ఉన్నాయో అది స్వయంగా లెక్క చూసుకుంటుంది. విండోస్ మాట ఎలా ఉన్నా, బయాస్ చెప్పే సాక్ష్యం ఎక్కువ విలువైనది. ఆన్ చేసిన వెంటనే డెల్, ఏసర్, ఆసుస్ లాప్‌టాప్‌లలో సాధారణంగా ఎఫ్2, హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి ఆపై ఎఫ్10, లెనోవోలో రకాన్ని బట్టి ఎఫ్1 లేదా ఎఫ్2 నొక్కితే బయాస్ తెరుచుకుంటుంది. విండోస్ పనిచేస్తూ ఉంటే షిఫ్ట్ పట్టుకొని రీస్టార్ట్ నొక్కి, వచ్చే వరుసల నుంచి కూడా అక్కడికి చేరవచ్చు.

అక్కడ డిస్క్ పేరు కనిపిస్తే సగం భయం తీరినట్లే. తీగ తగులుతోంది, డిస్క్ పలుకుతోంది. లోపం విండోస్ అమరికలోనో, బూట్ వరుసలోనో ఉంది. డిస్క్ కనిపిస్తూ విండోస్ తెరుచుకోకపోతే తేదీ, సమయం కూడా చూడాలి. కొన్నేళ్ళ వెనకటి తేదీ చూపిస్తుంటే, గడియారాన్ని నడిపే చిన్న బిళ్ళ బ్యాటరీ అయిపోయి, అమరికలన్నీ మొదటి స్థితికి వెళ్ళి ఉండవచ్చు. అందువల్ల యూఈఎఫ్‌ఐ పద్ధతిలో నడిచే యంత్రం లెగసీ పద్ధతికి మారితే డిస్క్ ఉండీ లేనట్టే అవుతుంది. ఆ బిళ్ళ విడిగా ఉన్న లాప్‌టాప్‌లలో అది మార్చడం పెద్ద ఖర్చు కాదు.

ఇక్కడ మరొక ముఖ్య విషయం ఉంది. ఇంటెల్ 11వ తరం, ఆ తరువాతి ప్రాసెసర్లు గల అనేక లాప్‌టాప్‌లలో వీఎండీ అనే ఏర్పాటు ఉంటుంది. వాటిలో పెన్ డ్రైవ్ నుంచి విండోస్‌ను మళ్ళీ వేయబోతే, డ్రైవ్‌లేవీ దొరకలేదని చెబుతుంది. ఎస్‌ఎస్‌డీ కాలిపోయిందని భయపడి కొత్తది కొన్నవారు కూడా ఉన్నారు. లాప్‌టాప్ తయారుచేసిన సంస్థ వెబ్‌సైటు నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను దింపుకొని, విప్పి పెన్ డ్రైవ్‌లో వేసుకొని, లోడ్ డ్రైవర్ నొక్కి చూపిస్తే డిస్క్ ప్రత్యక్షమవుతుంది. అలా కాక బయాస్‌లో ఆ ఏర్పాటును మార్చివేస్తే, అప్పటికే వేసి ఉన్న విండోస్ నీలి తెరతో ఆగిపోవచ్చు.

బయాస్‌లో ఏది మార్చాలన్నా ముందు బిట్‌లాకర్ సంగతి చూసుకోవాలి. నేటి లాప్‌టాప్‌లలో చాలావరకు డిస్క్‌కు తాళం తనంతట తానే పడి ఉంటుంది. బయాస్ అమరికలు మారితే అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. డిస్క్‌ను వేరే యంత్రానికి తగిలించినా అదే అడుగుతుంది. సాధారణంగా ఆ కీ లాప్‌టాప్‌ను మొదట తెరిచినప్పుడు వాడిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. దుకాణదారు తన ఈమెయిల్‌తో ఖాతా తెరిచి ఇచ్చి ఉంటే తాళం చెవి అతని దగ్గర ఉన్నట్టే. ఈ రోజే చూసి, ఆ 48 అంకెలను ఒక కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు భద్రపరచండి. కీ లేకుండా ఆ తాళాన్ని ఏ నిపుణుడూ తీయలేడు.

మూడవ మెట్టు: యంత్రం లోపల

అమ్మాయి లాప్‌టాప్‌లో బయాస్ తెరిచి చూస్తే డిస్క్ పేరు కనిపించింది. మళ్ళీ తెరిస్తే లేదు. మూడవసారి మళ్ళీ ఉంది. ఈ రాకపోకలు చూసిన తరువాత నాకు ఆశ కలిగింది. చెడిన పట్టిక ఇలా వచ్చి పోదు. సరిగా తగలని తీగ ఇలా చేస్తుంది. అమ్మాయి రోజూ రెండు గంటలు బస్సులో ఆ లాప్‌టాప్‌ను వీపున మోస్తుంది. అయితే చెడిపోతున్న డిస్క్ కూడా ఇలాగే ప్రవర్తించవచ్చు కనుక మాట ఇవ్వలేదు. యంత్రాన్ని ఆపించి, మర్నాడు బజారులో నాకు నమ్మకమైన ఒక రిపేరు కుర్రవాడి దగ్గరకు ముగ్గురమూ వెళ్ళాం.

రెండున్నర అంగుళాల డిస్క్‌ను చాలా లాప్‌టాప్‌లలో కాగితమంత పలుచని రిబ్బన్ కేబుల్ మదర్‌బోర్డుకు కలుపుతుంది. అదరడం వల్ల, నేల మీద పడటం వల్ల, తేమ వల్ల ఆ కేబుల్ వదులవుతుంది లేదా చీలుతుంది. ఎం.2 పలక అయితే స్క్రూ వదులై గాడిలో నుంచి కొద్దిగా లేస్తుంది. రెంటికీ చికిత్స ఒక్కటే: తీసి, శుభ్రపరచి, తిరిగి గట్టిగా అమర్చడం. కేబుల్ చెడితే అదే మోడల్ కేబుల్ వేయడం.

వారంటీ గడువు తీరని లాప్‌టాప్‌ను విప్పే ముందు సేవా కేంద్రం నియమం తెలుసుకోవాలి. చేయి తిరిగిన పిల్లలు ఇంట్లోనే విప్పదలిస్తే పూర్తిగా షట్ డౌన్ చేసి, చార్జర్ తీసి, బ్యాటరీని ఊడదీసి, పవర్ బటన్‌ను 15 సెకన్లు నొక్కి పట్టుకోవాలి. ఏదైనా లోహాన్ని తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకున్న తరువాతే లోపల చేయి పెట్టాలి. ప్రతి స్క్రూ ఎక్కడిదో కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి. కొన్ని చౌక లాప్‌టాప్‌లలో, కొన్ని బాగా పలుచని లాప్‌టాప్‌లలో డిస్క్ విడిగా ఉండదు. చిప్ మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది. అక్కడ తీసి అమర్చడమన్న ప్రశ్నే లేదు.

కొత్తగా ఎస్‌ఎస్‌డీ కొని వేసుకున్న తరువాత అది కనిపించకపోతే మరొక కారణం కూడా ఉండవచ్చు. ఎం.2 పలకలలో సాటా రకం, ఎన్‌వీఎంఈ రకం అని రెండున్నాయి. చూడటానికి ఒకేలా ఉంటాయి. ఒక రకానికి మాత్రమే పనిచేసే గాడిలో రెండవది బిగిస్తే యంత్రం దాన్ని గుర్తించదు. కొనేముందు లాప్‌టాప్ మోడల్ సంఖ్య చెప్పి, ఏది సరిపడుతుందో అడగాలి.

నాల్గవ మెట్టు: వేరొక యంత్రం

తిరిగి అమర్చినా కనిపించకపోతే, దోషం లాప్‌టాప్‌దో డిస్క్‌దో తేల్చడానికి సులభ మార్గం ఉంది. డిస్క్‌ను బయటికి తీసి, సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో గానీ కేసింగ్‌లో పెట్టి గానీ మరొక కంప్యూటర్‌కు తగిలించాలి. ఎం.2 పలకలకు వేరే కేసింగ్‌లు దొరుకుతాయి. అక్కడ తెరుచుకుంటే డిస్క్ నిర్దోషి. వెంటనే ముఖ్యమైన ఫైళ్ళను మరొక చోటికి కాపీ చేయాలి. పెద్ద సినిమాలు, దింపుకున్న సాఫ్ట్‌వేర్లు కాదు; మరెక్కడా దొరకనివి ముందు. బలహీనమైన డిస్క్ ఎంతసేపు సహకరిస్తుందో చెప్పలేం.

ఏ యంత్రంలోనూ పలకకపోతే, లోపలి సమాచారం అమూల్యమైనదైతే, దాన్ని డేటా రికవరీ నిపుణులకే అప్పగించాలి. ఖర్చు ఎక్కువే, ఫలితానికి హామీ కూడా ఉండదు. ముందుగా పరీక్షించి, ఎంత దొరుకుతుందో, ఎంతవుతుందో రాసి ఇచ్చేవారినే ఎంచుకోవాలి. ఎస్‌ఎస్‌డీల విషయంలో మరొక మాట: వాటిలో తుడిచివేసిన ఫైళ్ళ స్థలాన్ని ట్రిమ్ అనే ఏర్పాటు త్వరలోనే ఖాళీ చేస్తుంది కాబట్టి, తుడిచిన లేదా ఫార్మాట్ చేసిన తరువాత తిరిగి రాబట్టే అవకాశం హార్డ్ డిస్క్ కంటే తక్కువ.

దుకాణంలో ఇచ్చేటప్పుడు

ఇంటి లాప్‌టాప్ అంటే ఇంటి లోపలి గదే. అందులో ఆడపిల్లల ఫోటోలు, కుటుంబ వేడుకల వీడియోలు, బ్యాంకు కాగితాలు ఉంటాయి. దాన్ని అపరిచితుని చేతిలో పెట్టి, నాలుగు రోజుల తరువాత వచ్చి తీసుకుంటామని వెళ్ళడం తగదు. వీలైతే ఎదుట కూర్చొని చేయించుకోవాలి. సాధ్యం కాకపోతే డిస్క్ మోడల్, సీరియల్ సంఖ్యలను ఫోటో తీసుకొని రసీదు మీద రాయించాలి. "మా అనుమతి లేకుండా ఫార్మాట్ చేయరాదు" అనే వాక్యాన్ని కూడా రాయించాలి. దుకాణంలో ఇచ్చేది లాప్‌టాప్ పనిచేయాలని. పనిచేయించడానికి సులభ మార్గం ఫార్మాట్. మనకు కావలసింది లోపలి సమాచారమని స్పష్టంగా చెప్పకపోతే తప్పు మనదే. డిస్క్ మార్చవలసి వస్తే పాతది తప్పక వెనక్కి అడిగి తీసుకోవాలి. అది చెడిపోయి ఉండవచ్చు, కానీ లోపల ఉన్నది మన అమానతు.

మేము వెళ్ళిన కుర్రవాడు అడుగు భాగం విప్పి మాకు చూపించాడు. రిబ్బన్ కేబుల్ ఒక కొన వైపు లేచి ఉంది. దాన్ని తీసి, కొనలు తుడిచి, తిరిగి నొక్కి అమర్చాడు. ఆన్ చేస్తే డీ డ్రైవ్ తన చోట తాను ఉంది. అమ్మాయి వెంటనే తన ప్రాజెక్టు తెరవబోయింది. "ముందు కాపీ, బేటీ" అన్నాను. బజారులోనే ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొని, మొదట ఆ రికార్డులు, తరువాత ఫోటోలు, ఆ తరువాత ప్రాజెక్టు ఎక్కించాం. అన్నీ పూర్తయ్యేసరికి ఇషా వేళ అయింది. తండ్రి ఒక రికార్డు తెరిచి, ఫోన్‌ను చెవికి ఆనించుకున్నట్టు లాప్‌టాప్‌ను చెవి దగ్గరకు తీసుకొని కాసేపు విన్నారు. ఎవరమూ ఏమీ మాట్లాడలేదు.

మార్చడం భద్రపరచడం కాదు

ఆ కుటుంబం చేసిన పొరపాటు మనలో చాలామందిమి చేస్తున్నదే. ఫోన్ నిండితే లాప్‌టాప్‌లోకి మారుస్తాం, ఫోన్‌లో తుడుస్తాం. దాన్ని భద్రపరచడం అనుకుంటాం. నిజానికి ప్రతి చోటా ఉన్నది ఒక్క ప్రతే. చోటు మారింది, అంతే. ఒక ప్రతి మాత్రమే ఉన్నది ఎంత గట్టి పెట్టెలో ఉన్నా, ఒక కేబుల్ లేచినంత మాత్రాన కనుమరుగవుతుంది.

ఈ రంగంలోని వారు చెప్పే సూత్రం ఒకటుంది. ముఖ్యమైన దానికి 3 ప్రతులు ఉండాలి. అవి 2 రకాల సాధనాలలో ఉండాలి. వాటిలో 1 ఇంటికి బయట ఉండాలి. దీన్ని మన ఇళ్ళకు అన్వయిస్తే, ఒకటి లాప్‌టాప్‌లో, ఒకటి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో, ఒకటి క్లౌడ్‌లో. గూగుల్ ఖాతాతో 15 గిగాబైట్లు ఉచితంగా వస్తాయి. ఇంటి పత్రాలకు, గొంతు రికార్డులకు, ఎంపిక చేసిన ఫోటోలకు అది సరిపోతుంది. క్లౌడ్ ఇష్టం లేనివారు రెండవ ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను వేరే ఊళ్ళో ఉన్న అన్నదమ్ముల ఇంట్లోనో అత్తవారింట్లోనో ఉంచవచ్చు. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను ఎల్లప్పుడూ తగిలించి ఉంచరాదు. విద్యుత్తు ఒడిదుడుకులకు, వైరస్‌లకు రెండూ ఒకేసారి గురవుతాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోను ప్రతిగా లెక్కించరాదు. పంపేటప్పుడే దాని నాణ్యత తగ్గిపోతుంది. కాపీ చేసిన తరువాత రెండు మూడు ఫైళ్ళు తెరిచి చూడటం మరువరాదు. తెరిచి చూడని నకలును నకలుగా లెక్కించలేం.

డిస్క్‌లు తమ ఆరోగ్యాన్ని తామే లెక్క కడుతూ ఉంటాయి. ఆ లెక్కను క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. నీలి రంగులో గుడ్ అని ఉంటే సరే. పసుపు రంగులో కాషన్ అని వస్తే ఆ రోజే కాపీ తీసుకొని, కొత్త డిస్క్ గురించి ఆలోచించాలి. గుడ్ అని ఉన్నవి కూడా హఠాత్తుగా చెడిపోవచ్చు కనుక ఆ మాటను హామీగా తీసుకోకూడదు.

ఈ సంచిక మీ చేతికి అందిన రోజు ఇంట్లో అందరూ కూర్చొని ఒక్క ప్రశ్న వేసుకోండి: పోతే మళ్ళీ దొరకనిది మన ఇంట్లో ఏముంది, అది ఎన్ని చోట్ల ఉంది? జవాబు ఒక చోట అని వస్తే, ఆ రాత్రి పడుకునే లోపు దాన్ని రెండు చోట్ల ఉంచండి. మా పక్క వీధి మిత్రుని ఇంట్లో ఇప్పుడు ఆ పెద్దాయన గొంతు మూడు చోట్ల ఉంది. మూడవది ఆయన కుమార్తె ఇంట్లో, కర్నూలులో ఉంది. ఆమె దాన్ని తన పిల్లలకు వినిపిస్తోందట.